బీరువా బరువు కాదు

కొత్త ఫ్లాటు తాళాలు చేతికి రాగానే చాలా ఇళ్ళలో ఒకే తీర్మానం జరుగుతోంది. ఊళ్ళో ఉన్న పాత చెక్క సామాను వచ్చినకాడికి అమ్మేయాలి, ఇక్కడ గోడ గోడకీ నేల నుంచి కప్పుదాకా వార్డ్‌రోబులు కొట్టించాలి. ఇంటీరియర్ చేసేవాళ్ళు ఈ మాట అంటారు, చుట్టాలు అవునంటారు, ఇంట్లో కుర్రవాళ్ళు ఫోనులో బొమ్మలు చూపిస్తారు. ఎవరిని అడిగినా కారణాలు అవే. పాత చెక్కకు చెద పడుతుంది. పాత బీరువా చోటంతా తినేస్తుంది. లిఫ్టులో పట్టదు. ఎవరింటిదో, ఎవరు పోతే అమ్మారో తెలియని వస్తువు ఇంట్లోకి తేకూడదు. అంత ఇష్టముంటే ఒక భోషాణం తెచ్చి హాల్లో అందానికి పెట్టుకోండి గాని, బట్టలూ సామానూ పెట్టుకోవడానికి అవి ఈ కాలానికి పనికిరావు.

ఈ అభిప్రాయం తప్పు. ఎవరి ఇష్టం వాళ్ళదని ఊరుకోదగ్గ తప్పు కూడా కాదు. దీని పేరు చెప్పి ఇంకా రెండు మూడు తరాలు పనిచేయగల వస్తువులు రంపం కిందికి పోతున్నాయి. వాటి చోటుకి పదేళ్ళకో పదిహేనేళ్ళకో చెత్తలోకి వెళ్ళేవి వస్తున్నాయి. తాతముత్తాతల జ్ఞాపకాలను అడ్డుపెట్టుకుని నేను వాదించను. సామాను దాచుకోవడమనే పని ఒక్కటే లెక్కలోకి తీసుకుందాం. ఆ ఒక్క పనికే చూసినా, సరిగా ఎంచుకున్న పాత బీరువా నేటి ఇంటికి కొత్త వార్డ్‌రోబు కన్నా మేలు.

అందరూ ముందు చెప్పేది చెద గురించే కాబట్టి అక్కడే మొదలుపెడతాను. చెట్టు కాండంలో నడుమ ఉండే ముదురు రంగు భాగం చేవ, దాని చుట్టూ ఉండే లేత భాగం తెల్ల చెక్క. టేకు చేవలో సహజంగా ఉండే నూనెలు, టెక్టోక్వినోన్ అనే పదార్థం చెదపురుగును అంత తేలిగ్గా దగ్గరికి రానివ్వవు. తెల్ల చెక్కకు ఆ రక్షణ లేదు. వందేళ్ళ కిందట కోస్తా జిల్లాల ఇళ్ళకు మంచి టేకు రెండు దారుల్లో వచ్చేది. ఏజెన్సీ అడవుల్లో కొట్టినదాన్ని తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రికి దించేవారు. రంగూన్, మౌల్మీన్ రేవుల నుంచి బర్మా టేకు ఓడల మీద మన తీరానికి చేరేది. ఆ రేవుల్లో, మిల్లుల్లో కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళను అక్కడివాళ్ళు కోరంగీలనే పిలిచేవారంటే, మన కోరంగి రేవుకూ బర్మాకూ రాకపోకలు ఎంతగా ఉండేవో తెలుస్తుంది. అవి అడవిలో దశాబ్దాల తరబడి ముదిరిన చెట్లు, చేవ నిండిన దుంగలు. ఇప్పుడు టేకు పేరుతో అమ్మేదానిలో చాలా భాగం తోటల్లో పెంచి చిన్న వయసులోనే కొట్టినది, పలక అంచున తెల్ల చెక్క కంటికి కనబడుతూనే ఉంటుంది. బర్మా అయితే 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతినే ఆపేసింది. అమ్మమ్మ బీరువాలో ఉన్నలాంటి కలప ఇవాళ డబ్బు పోసినా దొరకడం కష్టం.

పోనీ, వార్డ్‌రోబుకు చెద పట్టదా? పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ రెండూ చెక్క పొట్టు, పీచు, జిగురు కలిపి నొక్కినవే. పైన అంటించిన లామినేట్‌ను చెద ముట్టుకోదు, లోపలిదంతా తింటుంది. అంతకన్నా పెద్ద చిక్కు దాన్ని గోడకు బిగించేయడంలో ఉంది. వెనక ఏం జరుగుతోందో ఎవరికీ కనబడదు. చెద మట్టి బయటపడేసరికి పురుగు చీరల మడతల్లోకి వచ్చేసి ఉంటుంది. పాత బీరువా నాలుగు కాళ్ళ మీద నేలకు జానెడు ఎత్తున నిలబడుతుంది. కిందికి చీపురు పోతుంది, వెనక్కి చెయ్యి పోతుంది, ఏడాదికోసారి జరిపి గోడ చూసుకోవచ్చు. వంటింట్లో పాలూ పెరుగూ పెట్టే జాలీ తలుపుల బీరువాకైతే చీమలు ఎక్కకుండా కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టేవారు. పురుగు ఎటునుంచి వస్తుందో ఆలోచించి చేసిన వస్తువులవి.

మన్నిక సంగతికి వద్దాం. ఇంటీరియర్ ఎస్టిమేట్ కాగితంలో ‘ఇంజనీర్డ్ వుడ్’ అని ఒక్క మాట ఉంటుంది. ఆ మాట కింద పార్టికల్ బోర్డు ఉండొచ్చు, ఎండీఎఫ్ ఉండొచ్చు, ప్లైవుడ్ ఉండొచ్చు. ఈ మూడూ ఒకటి కావు. భారత ప్రమాణాల సంస్థ పార్టికల్ బోర్డుకు ఐఎస్ 3087, ఎండీఎఫ్‌కు ఐఎస్ 12406, మామూలు ప్లైవుడ్‌కు ఐఎస్ 303, నీటికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు ఐఎస్ 710 అని వేరువేరు ప్రమాణాలు పెట్టింది. డబ్బు కట్టేముందు ఆ నంబరు అడిగేవాళ్ళు బహు తక్కువ. బాత్రూము గోడకు ఆనుకున్న వార్డ్‌రోబు అడుగు భాగాన్ని కొన్ని వానాకాలాల తర్వాత వంగి చూడండి. లామినేట్ అంచు విచ్చుకుని, లోపలి బోర్డు నీళ్ళు తాగి ఉబ్బి ఉంటుంది. అలా ఉబ్బినది ఎండినా మళ్ళీ పాత మందానికి రాదు. తలుపు బరువుకు బందు ఊడొస్తే, ఆ రంధ్రంలో స్క్రూకు మళ్ళీ పట్టు దొరకదు. టేకు తలుపుకు అదే జరిగితే వడ్రంగి ఆ రంధ్రంలో చిన్న చెక్క ముక్క దిగేసి, జిగురు పెట్టి, దాని మీదే మళ్ళీ బిగిస్తాడు. అరపూట పని. బాగుచేయడానికి వీలుండటమే మన్నిక అంటే. ఆ వీలు లేని వస్తువుకు ఎన్నేళ్ళ గ్యారంటీ కాగితం ఇచ్చినా లాభం లేదు.

ఆరోగ్యం సంగతి కూడా చెప్పాలి. ఈ బోర్డుల్లో ఎక్కువగా వాడేది యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. ఫార్మాల్డిహైడ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో, మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని రూఢి అయిన పదార్థాల గుంపులో చేర్చింది. దాన్ని తక్కువగా వదిలే ఇ1, ఇ0 రకం బోర్డులు ఉన్నాయి, నిజమే. అవి అడిగి, ముద్ర చూసి, ఎక్కువ ధర పెట్టినవాళ్ళకు దొరుకుతాయి. మిగతావాళ్ళు కిటికీలు మూసి ఏసీ వేసుకున్న గదిలో, మంచానికి మూరెడు దూరంలో, ఆ ఘాటు పీలుస్తూ పడుకుంటున్నారు. పసిపిల్లల గదులకు కూడా ఇవే కొట్టిస్తున్నారు.

ఒక కలప అడితిలో పాత బీరువాను విప్పుతుంటే దగ్గర నిలబడి చూశాను. తలుపుల మీద ఆకుపచ్చ ఆయిల్ పెయింటు పొరలు పొరలుగా లేచి ఉంది. చూడగానే ఎవరైనా పాడైపోయిందనే అంటారు. పనివాడు ముందు బందులు ఊడదీశాడు, అరలు లాగి పక్కన పడేశాడు. పక్క చట్రాన్ని సుత్తితో కొట్టాడు. అది కదలలేదు. అప్పుడు అతుకు దగ్గర కూర్చుని, అందులో దిగేసిన చెక్క చీలను వెతికి, లోపలినుంచి సన్నని ఊచతో తట్టి బయటికి తీశాడు. అది రాగానే చట్రం అతని చేతిలోకి వచ్చేసింది. ఆ అతుకుల్లో ఎక్కడా ఇనుప మేకు లేదు. ముక్క దిగే చోట, దాని గాడి పక్కన, ఏది ఎక్కడ కూర్చోవాలో తెలిసేలా ఉలితో పెట్టిన గీతలు: ఒకచోట రెండు, ఇంకోచోట మూడు. దీన్ని ఎప్పుడో ఎవరో విప్పుతారని, మళ్ళీ కూర్చుతారని, చేసిన వడ్రంగి ముందే అనుకుని చేశాడన్నమాట. పెయింటు తగలని లోపలి వైపు పలక తేనె రంగులో ఉంది. చేత్తో తడిమితే చిత్రిక పట్టిన జాడలు వేళ్ళకు తెలుస్తున్నాయి. అడుగున్నర వెడల్పు, అతుకు లేని ఒకే పలక. దాన్ని నిలువునా కోసి కిటికీ రెక్కలు చేస్తామని అడితి వాళ్ళు చెప్పారు. అమ్మినవాళ్ళకు ముట్టింది పాత కలప ధర, ఘనపుటడుగుల లెక్కన. పనితనానికి రూపాయి కూడా కట్టలేదు.

పాత చెక్క పనికిరాదని చెప్పేవాళ్ళు ఒక్కసారి అలాంటి అడితికి వెళ్ళి రావాలి. పనికిరాని చెక్కను కిటికీలు చేయడానికి ఎవరూ కొనరు. వ్యాపారికి దాని విలువ తెలుసు. తెలియకుండా పోయింది ఇంటివాళ్ళకే. వాళ్ళకు తెలియకుండా చేస్తున్నది ఈ ప్రచారమే.

ఇక చోటు. ఈ వాదంలో కొంత నిజముంది. కప్పుదాకా కట్టిన వార్డ్‌రోబులో పట్టినంత సామాను ఒక బీరువాలో పట్టదు. కోట్లు, పొడవాటి గౌన్లు హ్యాంగర్‌కు వేలాడదీయాలంటే రెండడుగుల లోతు కావాలి. పాత బీరువాలు చాలావాటి లోతు అడుగున్నర, కాస్త అటూ ఇటూ. ఇంతవరకూ ఒప్పుకుంటాను. ఇప్పుడు మిగతా లెక్క వేయండి. పడకగదిలో 8 అడుగుల పొడవు, 2 అడుగుల లోతు వార్డ్‌రోబు కట్టిస్తే 16 చదరపు అడుగులు పోయినట్టే. 4 అడుగుల పొడవు, అడుగున్నర లోతు బీరువా తీసుకునేది 6. మిగిలిన 10 చదరపు అడుగులు మనుషులు మసలడానికి ఉంటాయి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చదరపు అడుగుకు ఎంత పోసి కొన్నారో మీకే తెలుసు. ఆ 10 అడుగుల ఖరీదు మీరే కట్టుకోండి.

అసలు మనం దాచుకునేవేమిటి? చీరలు, పంచెలు, దుప్పట్లు, తువ్వాళ్ళు. అన్నీ మడతపెట్టేవే. బరువైన జరీ పట్టుచీరను ఏళ్ళ తరబడి హ్యాంగర్‌కు వేస్తే దాని బరువే దాన్ని లాగుతుంది. మెత్తని తెల్ల నూలు గుడ్డలో చుట్టి, పరిచి పెట్టి, అప్పుడప్పుడు మడత మార్చడం మంచి పద్ధతి. మ్యూజియంలు కూడా పాత వస్త్రాలను పరిచో, గుండ్రంగా చుట్టో భద్రపరుస్తాయి. అడుగున్నర లోతు అర సరిగ్గా ఒక వరస మడతలకు సరిపోతుంది. వెనక వరసలో పడి మరచిపోయే చీర ఉండదు. తలుపు తీస్తే ఉన్నదంతా కళ్ళముందుంటుంది. రెండడుగుల లోతు అరల్లో వెనక సగం, కప్పు కింద లాఫ్టు మొత్తం, ఏడాదంతా ఎవరూ ముట్టని సామానుతో నిండిపోతాయి. దాచుకోవడానికి చోటు పెరిగింది అనుకుంటాం, పెరిగింది పారేయని సామాను. హ్యాంగర్ల కోసం ఎక్కడో ఒకచోట రెండడుగుల కొక్కీల కమ్మీ వేయించుకోండి, చాలు. దానికోసం ఇల్లంతా బోర్డులతో కప్పనక్కర్లేదు.

లిఫ్టులో పట్టదన్నది కొలత తీయకుండా అనే మాట. పెద్ద బీరువాలు చాలావరకు ముక్కలుగా విడిపోతాయి: పైన నగిషీ పట్టీ, నడుమ అరల భాగం, కింద సొరుగుల పీఠం. కొలవాల్సింది వాటిలో పెద్ద ముక్కను, లిఫ్టు తలుపును, మెట్ల మలుపును, పడకగది గుమ్మాన్ని. ఈ నాలుగు కొలతలు కాగితం మీద రాసుకుని వెళ్ళినవాళ్ళకు ఇబ్బంది రాదు. అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళు, బదిలీల ఉద్యోగాలు చేసేవాళ్ళు ఇంకొక సంగతి ఆలోచించాలి. గోడకు కొట్టించిన వార్డ్‌రోబు ఆ గోడతోనే ఉండిపోతుంది. బీరువా మీ వెంట వస్తుంది.

ఎవరింటిదో అన్న భయం గురించి ఎక్కువ మాట్లాడను. వాడిన కారు కొంటాం, ఎవరో కాపురం చేసి ఖాళీ చేసిన ఫ్లాటు కొంటాం, తాతమ్మ నగలు కరిగించి కొత్తవి చేయించుకుంటాం. వీటిలో దేనికీ లేని దోషం చెక్కకు మాత్రం ఎందుకొస్తుంది? మనసు ఒప్పకపోతే పసుపునీళ్ళతో తుడిచి, ఒక మంచిరోజు చూసి లోపలికి తెచ్చుకోండి. దానికి ఎవరూ అడ్డు చెప్పరు.

ఈ భయం కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది, ఇల్లు సర్దేటప్పుడు ఆడవాళ్ళ బీరువా ఏమవుతోందన్న సంగతి. కోస్తా జిల్లాల్లో పెళ్ళికూతురికి సారెతోపాటు చెక్కదో ఇనుపదో ఒక బీరువా పంపడం చాలా ఇళ్ళలో ఉన్న ఆనవాయితీ. తెలంగాణలో సందుగ పెట్టినవాళ్ళున్నారు. అత్తవారింట్లో ఆమె తాళం వేసుకోగల చోటు అదొక్కటే. పుట్టింటివాళ్ళు చేతిలో పెట్టిన డబ్బు, పిల్లల పుట్టువెంట్రుకలు, ఎవరికీ చూపించని ఉత్తరం, చీటీపాట పుస్తకం ఆ లోపలి సొరుగులోనే ఉండేవి. తాళంచెవి బొడ్లో దోపుకుని ఇంటిపని చేసుకునేది. ఆమె పోయాక పిల్లలు చేసే మొదటి పని ఆ బీరువాను ఇనుప సామాన్లవాడికి తూకానికి వేయడం. గోద్రెజ్ సంస్థ ఉక్కు బీరువాలు చేయడం మొదలుపెట్టింది 1923లో. ఆ తర్వాతి దశాబ్దాల్లో మన ఇళ్ళకు వచ్చిన మంచి ఇనుప బీరువాల్లో చాలావాటికి అడుగున కాస్త తుప్పు, తలుపు మీద గీతలు తప్ప వేరే లోపం ఉండదు. తుప్పు గీకించి, అడుగు రేకు మార్పించి, రంగు కొట్టిస్తే ఇంకో తరం నడుస్తుంది. వింటేజ్ అని ఇంగ్లీషులో గొప్పగా చెప్పుకునే వస్తువు మీ అమ్మ గదిలోనే ఉంది.

ఇటువైపు ఇంకొక అభిప్రాయం ఉంది. అది పాత వస్తువులను ప్రేమిస్తున్నట్టే కనబడుతుంది గాని, చేసే చెడు తక్కువ కాదు. పాతవి అందానికి పెట్టుకోవాలి, వాడకూడదు అనేది. భోషాణం మూత మీద అద్దం వేసి కాఫీ బల్ల చేస్తారు. అద్దాల బీరువా అరలు పీకేసి లోపల లైట్లు పెడతారు. వడ్రంగి చేసినది పెట్టె. పెట్టెగా వాడినప్పుడే అది బతుకుతుంది. భోషాణం మంచం కాళ్ళ దగ్గర వేయండి. రజాయిలు, చలికాలపు దుప్పట్లు, పండగలకు తీసే ఇత్తడి సామాను, అన్నీ అందులో పడతాయి, పైన కూర్చోవడానికి చోటూ దొరుకుతుంది. వెనకటి రోజుల్లో దాని మీద పక్క వేసుకుని పడుకునేవారు. దుకాణాల గల్లాపెట్టె ఇంటి కాగితాలకు, మందులకు బాగుంటుంది. పుస్తకాలకైతే ప్లీడర్ల ఇళ్ళలో ఉండే అద్దాల బీరువాను మించినది లేదు. లోపలికి దుమ్ము పోదు, పేర్లు కనబడతాయి. రోజూ తలుపు తీసి వేస్తుంటేనే చెక్కకు గాలి తగులుతుంది, పురుగు పడితే తెలుస్తుంది.

అందానికి కొనేవాళ్ళ మోజు వల్లే దొంగ పాతవి కూడా పుట్టాయి. మామిడి చెక్కతో కొత్తగా చేసి, గొలుసులతో కొట్టి, రంగు పూసి గీకి, వందేళ్ళదని అమ్ముతారు. జోధ్‌పూర్‌లో ఇలాంటి పాతవాలకపు సామాను పెద్ద పరిశ్రమ. కొత్తదని చెప్పి అమ్మితే అందులో తప్పేమీ లేదు. పాతదని చెప్పి అమ్మితేనే మోసం. కాబట్టి వయసు కొనకండి. చెక్కను, అతుకును చూసి కొనండి.

ఎలా చూడాలో చెబుతాను. ముందు తలుపుల మీది నగిషీని వదిలేసి, ఒక సొరుగు పూర్తిగా బయటికి లాగి తిరగేయండి. ఏళ్ళ తరబడి జారిన సొరుగుకు కింది అంచులు అరిగి నున్నబడి ఉంటాయి. ఆ అరుగుదల లేకపోతే అనుమానించాలి. పాలిష్ తగలని అడుగు చెక్క మీద రంపం జాడ చూడండి. చేతి రంపం గీతలు తిన్నగా, ఎడం ఎడంగా పడతాయి. గుండ్రని వంపు గీతలుంటే అది మిల్లు రంపం. ప్లస్ గుర్తు గాడి ఉన్న స్క్రూలు 1930ల తర్వాతే వాడుకలోకి వచ్చాయి. నూటయాభై ఏళ్ళదని చెప్పిన బీరువాలో అవే అంతటా ఉంటే చెప్పినవాడి మాట నమ్మొద్దు. ఒకటి రెండు చోట్ల ఉంటే మధ్యలో బాగుచేశారని అర్థం, అది లోపం కాదు. వీపున ప్లైవుడ్ కొట్టి ఉంటే వెనక భాగం మార్చారన్నమాట, ఆ మేరకు ధర తగ్గించమనండి. సన్న చిల్లులుంటే భయపడకండి, పొడి ఉందా లేదా చూడండి. కింద నల్లగుడ్డ పరిచి వారం వదిలేస్తే, పురుగు బతికుంటే పిండిలాంటి పొడి తాజాగా రాలుతుంది. పొడి రాలుతున్నదాన్ని ఎంత చవకగా ఇచ్చినా, మందు కొట్టించకుండా ఇంట్లోకి తేకండి. తలుపులు రెండూ తెరిచి కొద్దిసేపు ముక్కు పెట్టండి. కర్పూరం, కలరా ఉండల వాసన పోతుంది, బూజు వాసన పోవడం కష్టం.

పాత ఆయిల్ పెయింటు ఉంటే ఒక జాగ్రత్త తప్పనిసరి. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పదిలక్షల్లో 90 వంతులకు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది. అంతకు ముందు పూసిన రంగుల్లో సీసం ఎక్కువ ఉండొచ్చు. వాటిని ఇంట్లో, పిల్లలు తిరిగేచోట, గరుకు కాగితంతో పొడిగా రుద్దకండి. బయట, తడిపి, మాస్కు కట్టుకుని గీకించాలి. ఆ తర్వాత లక్క పాలిష్ చాలు. గట్టి ప్లాస్టిక్ పొరలాంటి మెరుగులు పూయించి, దాన్ని కొత్తదానిలా చేయించకండి.

మనకు ఫర్నిచర్ సంప్రదాయమే లేదని, ఇదంతా దొరల మోజని అనేవాళ్ళకు విశాఖపట్నం జవాబు చెబుతుంది. 18వ శతాబ్దంలో విశాఖ పనివాళ్ళు నల్లచెక్క మీద ఏనుగుదంతం పొదిగి చేసిన రాతబల్లలు, సొరుగుల పెట్టెలు ఈస్టిండియా కంపెనీ అధికారులు ఇంగ్లండుకు మోసుకుపోయారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అవి ఇప్పటికీ ఉన్నాయి. కొన్నది దొరలే కావచ్చు, అతుకు కలిపినవాళ్ళు, దంతం చెక్కినవాళ్ళు మనవాళ్ళు. అయితే దంతం ఉన్న వస్తువు ఎవరైనా అమ్ముతామంటే కొనకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దంతం వ్యాపారం నేరం.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడి, ఊళ్ళో భోషాణాన్ని కంటెయినర్‌లో తెప్పించుకుందామనుకునేవాళ్ళు 1972 నాటి పురావస్తువుల చట్టం తెలుసుకోవాలి. వందేళ్ళు, అంతకు మించి వయసున్న పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. అంత వయసు లేదనుకుంటే పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదని ధ్రువపత్రం తీసుకోవాలి. ఈ చట్టాన్ని తిట్టుకునేవాళ్ళు ఉన్నారు. నేను మాత్రం ఇది మంచి చట్టమనే అంటాను. ఆ భోషాణం మీ అన్నదమ్ముల ఇంట్లోనో, అక్క ఇంట్లోనో నాలుగు కాళ్ళ మీద నిలబడి పనిచేస్తే చాలు.

కొనాలనుకునేవాళ్ళు హైదరాబాద్ జుమ్మెరాత్ బజారులో వెతకొచ్చు, కారైకుడి మునీశ్వరన్ కోయిల్ వీధి దాకా వెళ్ళి రావచ్చు. కానీ అంతకు ముందు మీ ఊరు వెళ్ళండి. మండువా లోగిళ్ళు పడగొడుతున్న ఊరు ఏదో ఒకటి మీకు చుట్టరికంలోనే ఉంటుంది. ఇల్లు అమ్మకానికి పెట్టిన పెద్దలకు, పంపకాలకు కూర్చున్న అన్నదమ్ములకు నా విన్నపం ఒక్కటే. పాత సామాన్లు కొనేవాడు వచ్చి ధర చెప్పకముందే, ఒక వడ్రంగిని వెంటబెట్టుకుని ఆ బీరువా తలుపు తెరవండి. పెయింటు లేని చోట చెక్క చూడండి, సొరుగు తిరగేయండి, కొలతలు రాసుకోండి. ఆ కొలతలతో మీ ఫ్లాటులో ఒక్క గోడ వెతకండి. ఆ గోడ దొరికాక, అక్కడికి అనుకున్న వార్డ్‌రోబును ఎస్టిమేట్ కాగితంలోంచి కొట్టేయమని ఇంటీరియర్ వాళ్ళకు చెప్పండి.